అరచేతి సాక్ష్యము

స్టూడియో గదిలో ఎర్రదీపము వెలిగినప్పుడెల్ల మా అరచేతులు చెమర్చును. పదునెనిమిది సంవత్సరములుగా మైక్రోఫోను ముందు కూర్చుండుటయే మా ఉద్యోగము. గొంతు తడబడదు, చేతిలోని కాగితము వణకదు, ఇంటిలో రేడియో ముందు కూర్చున్న మీకు మేము మిక్కిలి నిబ్బరముగా నున్నట్లే తోచును. కాని ప్రసంగము ముగించి లేచునప్పుడు కాగితపు అంచున మా బొటనవ్రేలి గుర్తు తడిగా కనిపించును. ఈ తడిని కొలుచు శాస్త్రమొకటి కలదు. ఆ కొలత ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

చెమట యనగానే మన కడప జిల్లా వారికి ఎండయే జ్ఞప్తికి వచ్చును. మే నెల మిట్టమధ్యాహ్నమున జమ్మలమడుగు ప్రాంతపు నాపరాతి గనిలో సమ్మెట యెత్తువాని వీపున చెమట ధారలు కట్టును. అది దేహమును చల్లబరచుకొనుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు. అరచేయి, అరికాలు మాత్రము వేరు దారిని నడచును. అచ్చటి స్వేదగ్రంథులు ఎండకంటె మనస్సునకే ఎక్కువ లొంగియుండును. పరీక్షాఫలితము చూచుకొను విద్యార్థి, పెండ్లిచూపులకు వచ్చి కూర్చున్న వరుడు, బేరము తెగు క్షణమున వర్తకుడు, వీరి నొసలు పొడిగానే యుండవచ్చును, అరచేయి తడియును.

మనుష్యశరీరమున 20 లక్షల నుండి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు ఉన్నవి. అవి మిక్కిలి దట్టముగా నున్న తావులు అరచేతులు, అరికాళ్ళు. వాటిని నడుపునది సహానుభూత నాడీమండలము. భయము కలిగినప్పుడు గుండెవేగమును పెంచునదియు, కంటిపాపను విప్పునదియు ఇదియే. చేయి యెత్తుమనిన ఎత్తవచ్చును. చెమర్చవద్దనిన చేయి వినదు. ఈ నియమమునకు వింతయైన మినహాయింపు ఒకటి లేకపోలేదు. 1957లో వెంగర్, బాగ్చీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అమెరికానుండి యంత్రములు మోసికొని మన దేశమునకు వచ్చి యోగులను పరీక్షించిరి. అందులో ఒకరు కోరినంతనే నొసట చెమట పట్టించుకొనగలిగిరట. హిమాలయములలో చలిని ఓర్చుకొనుటకు వేడిని భావన చేసి చేసి ఆ విద్యను అలవరచుకొంటినని వారు చెప్పుకొనిరి. మనవంటి వారికి అంతటి సాధన లేదు గనుక సామాన్యుల మాటకే వత్తము.

పొడిచర్మము విద్యుత్తును సులభముగా సాగనీయదు. చెమట యనగా ఉప్పునీరు. దానిగుండ విద్యుత్తు చక్కగా ప్రవహించును. రెండు వ్రేళ్ళకు రెండు చిన్న వెండి బిళ్ళలు తగిలించి, వాటిక్రింద కొంచెము ఉప్పుకలిసిన లేపనము పూసి, అర వోల్టు విద్యుత్తును పంపుదురు. ఆ వ్యక్తికి చీమ ప్రాకినట్లైనను తెలియదు. మనస్సు కదలినప్పుడు స్వేదనాళములలో చెమట పైకి లేచును. లేచినకొలది విద్యుత్తునకు దారి యేర్పడును.

ప్రొద్దుటూరు వైపు రైతులకు కె.సి. కాలువ తూములు తెలిసినవే. ఒక తూము తెరచిన కొంత నీరు, సరిగా అటువంటిదే రెండవది తెరచిన రెట్టింపు నీరు. పారిన నీటిని కూడుకొనుట తేలిక. అడ్డుపలకలు ఎంత ఆపినవో లెక్కించుట చిక్కు. స్వేదనాళములును ప్రక్కప్రక్కన నిలిచిన తూములే. అందుచేతనే పూర్వము చర్మముయొక్క నిరోధమును కొలుచుచుండిన శాస్త్రజ్ఞులు క్రమముగా వాహకత్వమును కొలుచుటకు మరలిరి. నిరోధమునకు కొలమానము ఓమ్. ఇంగ్లీషులో ఆ మాట అక్షరములను వెనుకనుండి చదివి వాహకత్వపు కొలమానమునకు 'మో' అని పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులకును పరిహాసము తెలియును! నేడు దానిని సీమెన్స్ అందురు. చర్మము విషయమున అందులో పదిలక్షవ వంతైన మైక్రోసీమెన్సు చాలును.

ఊరక కూర్చున్న మనిషి వ్రేళ్ళ వాహకత్వము సాధారణముగా 2 నుండి 20 మైక్రోసీమెన్సుల వరకు ఉండును. ఇది స్థాయి. ఒక శబ్దమో, ఒక పేరో చెవిని పడినపుడు ఒకటి నుండి మూడు సెకండ్లు ఆగి ఒక అల లేచును; మరి యొకటి నుండి మూడు సెకండ్లలో శిఖరమునకు చేరి, మెల్లగా దిగును. ఇది స్పందన. ఆ అల యెత్తు తరచుగా ఒక మైక్రోసీమెన్సు కంటె తక్కువ. ఒక మైక్రోసీమెన్సు పెరిగినను అర వోల్టునకు అధికముగా ప్రవహించునది అర మైక్రో ఆంపియరు మాత్రమే. మీ రేడియో బలహీనమైన సంకేతమును పెంచి మీకు వినిపించినట్లే, ఈ స్వల్ప ప్రవాహమును ఆంప్లిఫయరుచే పెంచిగాని ముల్లును కదలింపజాలరు. ఇంకొక సంగతి. ఏమియు వినకున్నను, చూడకున్నను నిమిషమునకు ఒకటి రెండు మారులు అల తనంతట లేచుచునే యుండును. ఈ చిన్న వాస్తవమును మరచినవారు పెద్ద పొరపాట్లు చేసిరి.

ఈ విద్యకు వయస్సు నూరేండ్లు దాటినది. 1888లో ఫ్రాన్సు దేశమున షార్ల్ ఫేరే అను వైద్యుడు రోగుల చర్మముగుండ స్వల్ప విద్యుత్తును పంపి, వారికి వాసన, శబ్దము వంటివి తగిలినప్పుడు ప్రవాహము పెరుగుటను గమనించెను. 1890లో రష్యాలో ఇవాన్ తర్ఖానొవ్ బయటి విద్యుత్తు ఏమియు లేకయే చర్మమునందలి విద్యుత్పీడనము మారుట చూపెను. పిమ్మట జ్యూరిచ్ నగరమున యూంగ్ మహాశయుడు, పీటర్సన్ అను సహచరుడు ఒక మాటల పట్టికను రోగికి ఒక్కొక్కటిగా వినిపించి, ఏ మాటకు ముల్లు కదలునో చూచిరి. వారు 1907లో దానిని ప్రకటించిరి.

ఆ మాటల పట్టిక పరీక్షను మేము కన్నులార చూచినది ప్రొద్దుటూరులో. మా మిత్రులొకరు భౌతికశాస్త్ర ఉపన్యాసకులు. ఒక ఆదివారము సాయంకాలము వారి ఇంటి నడవలో యంత్రమును అమర్చిరి. ఆంప్లిఫయరును, వెండి బిళ్ళలను వారే తయారుచేసికొనిరి. అచ్చటికి చేరినవారము నలుగురము: మిత్రులు, పులివెందుల దాపున చీనీతోట సేద్యము చేయు వారి బావమరిది, బంగారు వీధిలో అంగడి గల ఒక పెద్దమనిషి, మేము.

మొదట మేమే చేయి చాచితిమి. చెట్టు, గడియారము, ప్రొద్దుటూరు, బియ్యము, పులివెందుల, కుర్చీ, జమ్మలమడుగు. మాటకును మాటకును నడుమ ఇరువది సెకండ్లు. ప్రొద్దుటూరునకు ముల్లు కొంచెము కదలెను. పులివెందులకు దాదాపు కదలలేదు. జమ్మలమడుగు అనిన రెండు సెకండ్లకు కుడివైపునకు చక్కగా లేచెను. నడవలో నవ్వులు.

"సార్‌కు అక్కడ ఏదో బాకీ ఉన్నట్లుంది" అనిరి అంగడి పెద్దమనిషి. "బాకీ కాదు, సంబంధము చూసినారేమో ఒకప్పుడు" అనెను బావమరిది. మిత్రులు శాస్త్రజ్ఞులు గనుక, పట్టికలో చివరి మాట వచ్చునప్పటికి పరీక్ష ముగియునను ఆత్రముచేత కదలియుండునని తలచిరి. మూడును కావు. మాకు పదునొకండేండ్ల వయస్సున మా తల్లిగారికి జబ్బుచేసి జమ్మలమడుగు ఆసుపత్రిలో ఇరువది రెండు దినములు ఉంచిరి. రాత్రులయందు వరండాలో చాపమీద పడుకొని లోపలి దగ్గును లెక్కపెట్టుచుంటిమి. ఆమె కోలుకొని ఇంటికి వచ్చెను. ఆ తరువాత చాలకాలము బ్రదికెను. మేము ఆ దినములను తలచి ఎన్నో యేండ్లయినది. ఆ సాయంకాలమునను తలచలేదు; ముల్లు లేచిన పిమ్మటనే వరండా జ్ఞప్తికి వచ్చెను.

ఇంతలో వీధిలో ఆర్.టి.సి. బస్సు హారను మ్రోగెను. ముల్లు జమ్మలమడుగు కంటె రెండింతలు ఎత్తునకు ఎగిరెను. మా తల్లి జబ్బుకంటె బస్సు హారను మాకు ముఖ్యమా? కాదు గదా! కొత్తదియు ఆకస్మికమైనదియు ఏది తగిలినను దేహము ఒక్కమారు తలయెత్తి చూచును. అందుకు కారణము ప్రేమయో వైరమో కానక్కరలేదు. అదే హారను పదిమార్లు మ్రోగిన దేహమునకు అలవాటైపోవును. అల క్రమముగా తగ్గును. మిత్రులు జమ్మలమడుగు అని మరల మరల పలికి చూచిరి. అయిదవమారునకు ముల్లు ఊరుకొనెను. వరండా మాత్రము మా మనస్సునుండి పోలేదు.

తరువాత బావమరిది వంతు. అతని చేయి పార పట్టి పట్టి కాయలు కాచినది. ఎంతసేపు చూచినను ముల్లు నిద్రపోయినట్లే యుండెను. చర్మము దళసరియైన చోట కొలత సరిగా రాదు. ఆరోగ్యముగా నున్నవారిలోనే కొందరు ఏ శబ్దమునకును స్పందన చూపనివారు కలరు. అట్టివానిని చూచి 'ఇతడు రాతిగుండెవాడు' అనుట అన్యాయము. ఒకరి సంఖ్యను ఇంకొకరి సంఖ్యతో పోల్చరాదనియు, ఒక మనిషిని అతనితోనే పోల్చవలెననియు ఈ రంగమున పనిచేయువారు చెప్పుట ఇందుకే. మిత్రులు బిళ్ళలను అతని పాదము లోపలి ప్రక్కకు మార్చిరి. ప్రయోగశాలలయందును ఆ చోటు వాడుకలో నున్నది. ఈ మారు ముల్లు మేల్కొనెను. మాటల నడుమ మిత్రులు 'బోరు' అనిరి. లేచెను చూడుడు!

పులివెందుల వైపు బోరు అను మాటకు అర్థమేమో మీలో చాలమందికి తెలియును. ఎన్ని వందల అడుగులు వేసినను దుమ్మే వచ్చిన బోర్లు, వాటికై చేసిన అప్పులు. మేమందరము మౌనముగా అతని ముఖము చూచితిమి. మిత్రులు భుజము తట్టిరి. అతడు నవ్వెను. "అది కాదు బావా, మొన్న మంగళవారం నీళ్ళు పడినాయి. నీకు చెప్పాలనే వస్తి, యీ తీగలు తగిలిస్తివి" అనెను.

అరచేతి కొలతయందలి కిటుకంతయు మాకు ఆ నడవలోనే తెలిసినది. మనస్సు కదలినదని ముల్లు చెప్పును. ఎప్పుడు కదలినదో సెకండ్లతో చెప్పును. ఎంత కదలినదో కొంతవరకు చెప్పును. ఎందుకు కదలినదో చెప్పదు. నీళ్ళు పడిన సంతోషమునకును, అప్పు మిగిలిన దుఃఖమునకును అది ఒకే అలను గీయును.

'ఎందుకు' అని అడుగక 'కదలినదా లేదా' అని మాత్రమే అడిగిన పరిశోధకులకు ఈ ముల్లు అద్భుతములు చూపినది. మెదడులో దెబ్బ తగిలి ముఖములను గుర్తింపలేనివారు కొందరు కలరు. కన్ను బాగుగనే యుండును. కట్టుకొన్న భార్య ఎదుట నిలిచినను ఎవరో తెలియదు, ఆమె మాటాడిన గాని గుర్తుపట్టరు. 1985లో అమెరికాలోని అయోవాలో ట్రానెల్, డమాసియో అను శాస్త్రజ్ఞులు ఇట్టి ఇరువురు రోగులకు తెలిసినవారి ఫోటోలను, తెలియనివారి ఫోటోలను కలిపి చూపిరి. తెలిసిన ముఖము వచ్చినపుడు నోరు 'ఎరుగను' అనినను, చేతి వాహకత్వము ఎక్కువగా లేచెను. మనిషి యెరుగని దానిని చేయి యెరిగియున్నది.

దీనికి తలక్రిందులైన జబ్బు ఇంకొకటి కలదు. తల్లిని చూచి, 'ముఖము మా అమ్మదే, కాని ఈమె మా అమ్మ కాదు, వేషము వేసికొని వచ్చిన యెవరో' యని రోగి గట్టిగా నమ్మును. దీనిని కాప్‌గ్రా భ్రమ అందురు. 1990 తరువాతి సంవత్సరములలో ఇట్టివారిని పరీక్షింపగా, తెలిసిన ముఖములకు వారి చర్మము సాధారణ మనుష్యులవలె స్పందింపలేదు. కన్ను గుర్తించినది, చేయి పలుకలేదు. ముఖమును చూచినప్పుడు కలుగవలసిన ఆత్మీయత కలుగనందున, ఆ లోటును మనస్సు 'వేషధారి' అను కథతో పూడ్చుకొనుచున్నదని కొందరి యూహ. కన్నతల్లిని పొమ్మను కొడుకును పిచ్చివాడనియో కృతఘ్నుడనియో తిట్టుటకు ముందు ఈ సంగతి ఆ యింటివారికి తెలిసిన ఎంత మేలు!

వైద్యులకును ఈ కొలత పనికివచ్చుచున్నది. మధుమేహము ముదిరినవారికి సన్నని నరములు దెబ్బతిని పాదములకు చెమట తగ్గును. చర్మము ఎండి పగులును. పాదముల వాహకత్వమును కొలిచి ఆ నష్టమును కనిపెట్టు యంత్రములు నేడు ఉన్నవి. కుష్ఠువ్యాధి మచ్చలయందును చెమట నశించును. ఇచ్చట మనస్సు ప్రసక్తియే లేదు. నరము బ్రదికియున్నదా యనునదే ప్రశ్న.

ఇక జనులు ఎక్కువగా అడుగు ప్రశ్నకు వత్తము. దొంగను పట్టునా? 1921లో అమెరికాలోని బర్క్‌లీ పట్టణమున జాన్ లార్సన్ అను పోలీసు అధికారి రక్తపు పోటును, ఊపిరిని ఒకే కాగితముపై గీయు యంత్రమును నిర్మించెను. తరువాత చర్మపు కొలతయు దానికి తోడైనది. అదియే పాలిగ్రాఫు. ఆలోచన మాత్రము క్రొత్తది కాదు. మన ధర్మశాస్త్రములలో తండులదివ్యము అని యొకటి కలదు. దొంగతనము మోపబడినవానిచే బియ్యము నమలించి ఆకుపై ఉమియించెడివారు. నెత్తురు కనిపించినను, మేను వణకినను వాడు దోషి. భయమున నోరెండును, ఎండిన నోటిలో బియ్యము గ్రుచ్చుకొనును, అంతవరకు శాస్త్రమే. కాని అమాయకునకు భయముండదని ఎవరు చెప్పిరి? ఊరంతయు చుట్టుముట్టి చూచుచుండగా బియ్యపు పిడికిలి నోట పోసికొన్నవాడు దొంగయైన నేమి, దొర యైన నేమి!

ఒక లెక్క ఊహించుడు. నూటికి తొంబదిమార్లు సరిగా చెప్పు యంత్రమున్నదనుకొందము. వేయిమందిలో ఒకడు దొంగ. అందరిని పరీక్షించిన ఆ దొంగ పట్టుబడవచ్చును. వానితోపాటు మిగిలిన 999 మందిలో సుమారు నూరుగురు నిరపరాధులును దొంగల వరుసలో నిలుతురు. 2003లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పాలిగ్రాఫును విమర్శించి ఇంచుమించు ఈ హెచ్చరికనే చేసినది. ఒక నిర్దిష్టమైన నేరము విషయమున యంత్రపు తీర్పు బొమ్మాబొరుసుకంటె మెరుగే యనియు, నిర్దుష్టతకు చాల దూరమనియు, ఉద్యోగులను మూకుమ్మడిగా జల్లెడపట్టుటకు తగదనియు తేల్చినది.

2019 మార్చిలో పులివెందులలో జరిగిన మాజీ మంత్రి హత్య దర్యాప్తు కాలమున నార్కో పరీక్ష, పాలిగ్రాఫు అను మాటలు ఈ మూడు పట్టణముల హోటళ్ళలో మిక్కిలి నలిగినవి. ఆ కేసు మంచిచెడ్డలు న్యాయస్థానములవి, మేము పలుకము. ఆ రెండును ఒకటి కావని మాత్రము చెప్పుదుము. నార్కో యనగా మందు నెక్కించి మగతలో మాటాడించుట. పాలిగ్రాఫు యనగా మెలకువగా నున్నవాని దేహమును కొలుచుట. రెంటికిని మన దేశమున ఒకే హద్దు గీయబడినది. 2010 మే 5వ తేదీన సుప్రీంకోర్టు సెల్వి కేసులో, ఎవ్వరికిని బలవంతముగా ఈ పరీక్షలు చేయరాదనెను. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిచ్చునట్లు ఎవరిని నిర్బంధింపరాదను రాజ్యాంగపు 20వ అధికరణమును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడు 21వ అధికరణమును అందుకు ఆధారముగా చూపెను. సమ్మతించినవాడైనను ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట తెలుపవలెను. న్యాయవాది సహాయము అతనికి ఉండవలెను. అట్లు చేసిన పరీక్షా ఫలితమును గూడ సాక్ష్యముగా స్వీకరింపరాదు; దానివలన తరువాత బయటపడిన వస్తువో, సమాచారమో మాత్రము చట్టమునకు లోబడి పరిశీలనకు రావచ్చును.

ప్రొద్దుటూరి నడవకు మరలుదము. బంగారు వీధి పెద్దమనిషి వంతు వచ్చెను. ఆయన అంతవరకు అందరికంటె ఎక్కువ ఉత్సాహముతో వ్యాఖ్యానము చేసినవారు. గీటురాయి సంగతి వారే మాకు చెప్పిరి: నల్లరాతిపై బంగారమును గీసి, ప్రక్కన మచ్చు తెలిసిన బంగారమును గీసి, రెండు గీతలను సరిచూతురట. "మచ్చు లేకుంటే గీటురాయి ఏమీ చెప్పదు సార్" అనిరి. మిత్రులు బిళ్ళలను తుడిచి వారివైపు చాచి "రండి అన్నా" అనిరి. పెద్దమనిషి కుర్చీని వెనుకకు జరిపికొని, "వద్దులే నాయనా, నా చెయ్యి నా దగ్గరే ఉండనీ" అని లేచిరి. మిత్రులు బలవంతపెట్టలేదు. బావమరిది పరిహసింపబోగా మేము వారించితిమి.

వీధి గుమ్మము దాక సాగనంపితిమి. ఈ దినమంతయు మంచి కాలక్షేపమైనదని, రేడియోలో ఈ విషయము చెప్పునపుడు తప్పక విందునని చెప్పి వారు మాతో చేయి కలిపిరి. ఆ చేయి తడిగా నుండెను. మాదియు తడిగానే యుండెను గనుక ఆ తడి ఎవరిదో చెప్పలేము.